చెట్టు మీద దండెం

వేపచెట్టు మీదికి 36 అడుగుల ఎత్తున ఒక దండెం కట్టాలి. చెట్టు ఎక్కకూడదు. నిచ్చెన వెయ్యకూడదు. కొమ్మ విరగకూడదు. తీరా కట్టాక దాని మీద ఒక్క జేబురుమాలు కూడా ఆరెయ్యకూడదు. ఇదేం పొడుపుకథ అనుకుంటున్నారా? పొడుపుకథ కాదు, మా ఇంట్లో ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగిన భాగోతం.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. దానికి హామ్ రేడియో పిచ్చి పట్టుకుంది. హామ్ రేడియో అంటే సినిమా పాటలు వినే రేడియో కాదండీ. మనం మాట్లాడితే ఎక్కడో ఉన్న మరో హామ్‌కి వినపడుతుంది, వాళ్ళు మాట్లాడితే మనకి వినపడుతుంది. మధ్యలో తీగ ఉండదు, సెల్ టవర్ ఉండదు, నెలనెలా బిల్లూ రాదు. కాకపోతే ఎవరు పడితే వాళ్ళు మాట్లాడడానికి లేదు. 12 ఏళ్ళు నిండిన వాళ్ళు పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అప్పుడు వీయూ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక పిలుపు పేరు ఇస్తారు. మా అమ్మాయికి ఆ పేరు వచ్చిన రోజున, బారసాల మళ్ళీ చేశామా అన్నంత సంబరపడింది.

ఇది మగవాళ్ళ వ్యవహారం అనుకోకండి. రాజీవ్ గాంధీ గారికి లైసెన్సు ఉండేదని చాలామందికి తెలుసు. సోనియా గాంధీ గారికీ ఉందని ఎంతమందికి తెలుసు? హామ్‌ల భాషలో ఆడవాళ్ళని 'వైఎల్' అంటారు, అంటే యంగ్ లేడీ. ఎనభై ఏళ్ళొచ్చినా వైఎల్లే! బాగుంది కదూ? అయితే హామ్ గారి భార్యని మాత్రం 'ఎక్స్‌వైఎల్' అంటారట. అంటే 'మాజీ యంగ్ లేడీ' అన్నమాట. ఈ మాట వినగానే మా అత్తయ్యగారు, "అదేం పిలుపే, తాళి కట్టించుకున్న పాపానికా?" అన్నారు.

సరే, అసలు సంగతికొద్దాం. రేడియో పెట్టె తెచ్చుకుంటే సరిపోదు, దానికి యాంటెన్నా కావాలి. స్టవ్వు కొనుక్కుని గ్యాసు బండ తెచ్చుకోకపోతే ఏం లాభం? అలాగే ఇదీను. మా అమ్మాయికి కావలసిన యాంటెన్నా మరీ ఘనమైనదేం కాదు. ఇళ్ళల్లో వైరింగుకి వాడే రాగి తీగ, రెండు ముక్కలు. వాటి మధ్య నుంచి, పాత రోజుల్లో టీవీ యాంటెన్నాకి వాడేవాళ్ళమే, అలాంటి లావు కేబులు కిందికి వేలాడుతూ కిటికీలోంచి రేడియోలోకి వస్తుంది. అంతే. దీన్ని డైపోల్ అంటారు.

తీగ ఎంత పొడుగుండాలనేది మనిష్టం కాదు. దానికో లెక్క ఉంది. 143ని మనం మాట్లాడే మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే మీటర్లు వస్తాయి. మన దేశంలో ఎక్కువమంది హామ్‌లు కలుసుకునే చోట్లలో 7 మెగాహెర్ట్జ్ బ్యాండు ఒకటి. 7.1తో భాగిస్తే 20 మీటర్ల 14 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఒక్కో ముక్క 10 మీటర్ల పైచిలుకు, దాదాపు 33 అడుగులు. నా కుట్టుమిషన్ టేపుతోనే కొలిచాం. జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టు లోపలికి కాస్త వదులుతాం చూడండి, అలాగే ఇక్కడా ఒక్కో వైపు జానెడు ఎక్కువ ఉంచుకోవాలి. పైకి ఎక్కించాక మీటరు చూసుకుంటూ చివరలు కొంచెం కొంచెం మడుచుకు రావాలి. ముందే పొట్టిగా కోసేస్తే పొట్టిదైన జాకెట్టులాగే, ఏడ్చినా ప్రయోజనం ఉండదు.

మరి అంత ఎత్తుకి ఎందుకు? డాబా మీద పిట్టగోడకి కట్టేస్తే కాదా? నేనూ అదే అడిగాను. తీగ నేలకీ, గోడలకీ, ఇనుప చువ్వలకీ మరీ దగ్గరగా ఉంటే మనం పంపే శక్తి చాలావరకు వాటిలోనే వృథా అవుతుందట. పొయ్యి మీద గిన్నె పెట్టి కింద మంట పక్కలకి పోనిచ్చినట్టు. పైగా ఇంట్లో ఫ్యాన్లూ, మిక్సీలూ, ఎల్‌ఈడీ దీపాలూ చేసే గరగర చప్పుడంతా రేడియోలోకి దూరుతుంది. పైకెళ్ళే కొద్దీ ఈ గోల తగ్గుతుంది.

అలాగని తాటిచెట్టంత ఎత్తుకే పోనక్కర్లేదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 35, 40 అడుగుల ఎత్తున ఉన్న ఈ తీగ నుంచి వెళ్ళే తరంగాలు ఎక్కువగా నిటారుగా ఆకాశంలోకి పోయి, 200, 300 కిలోమీటర్ల పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి, గొడుగు మీద పోసిన నీళ్ళలా చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి జారతాయి. అంటే కాకినాడలో కూర్చుని హైదరాబాదుతోనో, నెల్లూరుతోనో మాట్లాడడానికి ఆ ఎత్తు చక్కగా సరిపోతుంది. దూరదేశాలు కావాలనుకునే వాళ్ళు ఇంకా ఎత్తుకి పోతారు. మా అమ్మాయికి అమెరికా కావాలి. నాకు కోనసీమ చాలు. ఎందుకో చివర చెబుతాను.

ఇక చెట్టు. మా ఇంటి ముందు రోడ్డు వారన పెద్ద నిద్రగన్నేరు ఉంది. పెరట్లో మా అత్తయ్యగారు కాపురానికొచ్చిన ఏడాది నాటిన వేప ఉంది. నిద్రగన్నేరు పదడుగులు ఎక్కువ ఎత్తు. మా అమ్మాయి చూపు దాని మీదే పడింది. తాడు చేత్తో పట్టుకుని గేటు దాటబోతుండగా మా మావయ్యగారు వరండాలోంచి కేక వేశారు. ఆయన అంత గట్టిగా అరవగా నా పాతికేళ్ళ పైబడిన కాపురంలో నేను వినలేదు.

ఆయన ముప్ఫయ్యేళ్ళు కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయినవారు. "చెట్టు చూశావు గానీ, చెట్టు పక్కన ఏం పోతోందో చూశావా?" అన్నారు. చూస్తే కొమ్మల వెనక నుంచి మూడు తీగలు. 11 కేవీ లైను. అంటే 11 వేల వోల్టులు.

"తాడే కదా తాతయ్యా, ప్లాస్టిక్ తాడుకి కరెంటు పాకదుగా?" అంది మా పిల్ల.

"పొడి తాడు సంగతి పుస్తకంలో రాస్తారు. మంచు తడిసిన తాడు, మట్టంటిన తాడు, చెమట చేత్తో పట్టుకున్న తాడు సంగతి నేను కళ్ళారా చూశాను. గాలిపటం తీసుకోబోయిన పిల్లల్ని కూడా చూశాను" అన్నారాయన. ఇంక ఆ పూట ఆయన కాఫీ కూడా సరిగ్గా తాగలేదు.

కాబట్టి ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. తీగ తెగి పడినా, గాలికి ఎగిరి పడినా, విసిరిన తాడు గురి తప్పినా ఏ కరెంటు తీగనీ అందుకోలేనంత దూరంలో మన చెట్టు ఉండాలి. మా మావయ్యగారి లెక్క ఏమిటంటే, మన చేతిలో ఉన్న తీగ మొత్తం పొడుగు ఎంతో, కరెంటు లైను అంతకంటే ఎక్కువ దూరంలో ఉండాలి. మన ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు కూడా లైనే. చిన్నదే కదా అని దాన్ని లెక్కలోంచి తీసెయ్యకూడదు. పొరపాటున ఏదన్నా లైను మీద పడిందా, లాగకూడదు, కర్రతో తియ్యకూడదు, దగ్గరికి పోకూడదు. వదిలేసి కరెంటు వాళ్ళకి ఫోను చెయ్యాలి. వాళ్ళొచ్చేదాకా పిల్లల్నీ, పశువుల్నీ అటు పోనివ్వకుండా ఒకరు దూరంగా కాపలా ఉండాలి.

అలా నిద్రగన్నేరు పోయి వేపచెట్టు ఖాయమైంది. మా అమ్మాయి అరగంట మూతి ముడుచుకుంది. వేప మంచి చెట్టండీ. కొమ్మ గట్టిది, ఆకు మరీ దట్టంగా ఉండదు గనక తీగ దూరడానికి సందులుంటాయి. చింత కూడా గట్టిదే. మామిడి బలమైనదే గానీ ఆకు దట్టం, తాడు చిక్కుకుంటుంది. కొబ్బరికి కొమ్మే ఉండదు, పైగా ఎప్పుడు మట్ట పడుతుందో, ఎప్పుడు కాయ పడుతుందో తెలియదు. ఇక మునగచెట్టు సంగతి మీకు నేను చెప్పాలా? ఎవరన్నా పొగిడితే మునగచెట్టు ఎక్కించారంటాం, ఎందుకంటే అది ఎక్కినవాణ్ణి దింపే పని అదే చూసుకుంటుంది. మనిషి ఎక్కకపోయినా సరే, గాలికి ఊగే తీగని దానికి కట్టకండి. ఎండిన కొమ్మ ఏ చెట్టుదైనా పనికిరాదు.

చెట్టు ఎక్కడం మాత్రం వద్దంటే వద్దు. పక్కవీధి కుర్రాడు, "ఆంటీ, రెండు నిమిషాల్లో ఎక్కేస్తా" అన్నాడు. వాళ్ళమ్మ ముఖం గుర్తొచ్చి, "నువ్వు కింద నిలబడి తాడు పట్టుకో నాన్నా, నీకు బజ్జీలు వేసి పెడతా" అన్నాను. మనిషి ఎక్కకుండా తాడు ఎక్కించే దారులు బోలెడున్నాయి. మామిడికాయలు కోసే దోటికి ఇంకో వెదురు కట్టి పొడుగు చేస్తే ఇరవై అడుగుల దాకా పని జరుగుతుంది. పంగలకర్రతో చేపల గాలానికి కట్టే సీసం గుండుని, సన్నటి గాలం దారంతో సహా కొమ్మ మీదుగా కొట్టేవాళ్ళున్నారు. కొన్ని దేశాల్లో విల్లూ బాణంతోనూ, గాలి తుపాకీలాంటి గొట్టంతోనూ వేస్తారట. ఈ మధ్య డ్రోను మీద దారం పంపేవాళ్ళూ వచ్చారు. మేము అన్నిటికంటే చవకైన దారి పట్టాం. ఇసుక సంచీ.

ఇక్కడ నా విద్య పనికొచ్చింది. చిరిగిన జీన్సు ప్యాంటు కాలులోంచి గుడ్డ తీసి, కాకరకాయ ఆకారంలో సన్నటి సంచీ కుట్టాను. రెండు వరసల కుట్టు. లోపల 300 గ్రాముల ఇసుక, వంటింటి త్రాసులోనే తూచాను. దానికంటే తేలికైతే కొమ్మ మీద పడ్డాక దారాన్ని లాక్కుని కిందికి దిగదు. మరీ బరువైతే అంత ఎత్తుకి పోదు. రాయి ఎందుకు కట్టకూడదంటారా? రాయికి దారం జారిపోతుంది, పడిన చోట ఏదో ఒకటి పగులుతుంది. సంచీ మూతి దగ్గర గట్టి ముడి వేసి, సన్నటి నున్నటి నైలాను పురికొస కట్టాం.

పురికొస ఉండచుట్టి పెడితే విసిరేటప్పుడు విడిపోకుండా చిక్కు పడుతుంది. అందుకని దాన్ని ఖాళీ ప్లాస్టిక్ టబ్బులో, పైనుంచి వదులుగా, సేమ్యా ఆరబోసినట్టు వరసలుగా వదులుతూ పొయ్యాలి. పై కొస నుంచి సర్రున లేస్తుంది. రెండో కొస టబ్బు చెవికి కట్టండి. చేతికి మాత్రం చుట్టుకోకండి.

ఇంక విసురుడు మొదలైంది. మొదటిది మొదటి కొమ్మ కూడా అందుకోలేదు. రెండోది నేరుగా వెనక్కొచ్చి తులసి కోట పక్కన పడింది. మూడోది ఎటు పోయిందో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఇంతలో పక్కింటి పిన్నిగారు డాబా మీంచి, "ఏమ్మా, ఇది మీదేనా?" అంటూ సంచీ పైకెత్తి చూపించారు. పాపం, ఆవిడ ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాల మధ్యలో దిగిందది! మంచి మనిషి గనక నవ్వేసి ఊరుకున్నారు. కానీ అక్కడ వడియాల బదులు పసిపిల్ల ఉంటే? ఆ క్షణాన మా అందరికీ బుద్ధొచ్చింది. ఇరుగుపొరుగుకి ముందే చెప్పి, సంచీ పడగల చోట మనుషులెవరూ లేకుండా చూసుకునిగానీ విసరకూడదు. విసిరేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, కింద ఉన్నవాళ్ళ తల మీద హెల్మెట్ ఉండాలి. స్కూటరుది చాలు.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు లేచొచ్చారు. ఆవిడ పుట్టిల్లు నరసరావుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలిన మనిషి. "ఏమే, చేత్తో విసురుతున్నావు. చేత్తో కాదు, ఊపుతో విసరాలి" అని మనవరాలి చేతిలో తాడు తీసుకున్నారు. సంచీని మూరెడు కింద వేలాడదీసి, రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, గుడి గంట ఊపినట్టు ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊపి చూపించారు. "ముందుకొచ్చేటప్పుడు చెయ్యి నీ కంటి ఎత్తుకి రాగానే వదిలెయ్. నువ్వు విసరొద్దు, దాన్నే పోనీ."

మోకాళ్ళ నొప్పులతో ఆవిడ విసరలేకపోయారు గానీ, ఆ కిటుకు పట్టుబడ్డాక మా అమ్మాయి సంచీ పైకి పోవడం మొదలెట్టింది. పదకొండో విసురుకి మేము అనుకున్న కొమ్మ సందులోంచి దూరి, అవతలికి దిగింది. మావయ్యగారు చప్పట్లు కొట్టారు. కాఫీ అడిగారు.

మధ్యలో ఒకటి రెండు సార్లు వేరే కొమ్మ మీద పడింది. అలాంటప్పుడు చాలామంది చేసే తప్పు, సంచీతో సహా వెనక్కి లాగడం. సంచీ వెళ్ళి కొమ్మల పంగలో ఇరుక్కుంటుంది. సంచీని కిందిదాకా దింపి, ముడి విప్పి, వట్టి దారాన్ని వెనక్కి లాక్కోవాలి. ఒకవేళ ఇరుక్కుపోతే కోపంతో గుంజకండి. బిగిసిన నైలాను దారం ఒక్కసారి వదిలిందంటే సంచీ పంగలకర్ర దెబ్బలా మొహానికే వస్తుంది. దారం వదులు చేసి, కుదిపి, పక్కకి జరిగి లాగాలి.

తరవాత పని ఓపికది. సన్నదాని వెనక కాస్త లావుది, దాని వెనక ఇంకా లావుది. పురికొసకి మా వేలెడు లావు తాడు కట్టి, ముడి మీద ఇన్సులేషన్ టేపు నున్నగా చుట్టి, మెల్లిగా లాగాం. ముడి లావుగా ఉంటే బెరడుకి పట్టుకుంటుంది. ఆ లావు తాడు కొసకి ఒక చిన్న గిలక కట్టాం. బావి గిలకకి చెల్లెలనుకోండి. గిలకలో ముందే ఇంకో తాడు ఎక్కించి, దాని రెండు కొసలూ నేల మీదే ఉంచుకుని, గిలకని పైకి లాగాం. ఇదీ అసలు రహస్యం. కొమ్మ మీది లావు తాడు కదలదు, కాబట్టి బెరడు ఒరుసుకుపోదు. తీగ మాత్రం గిలక మీద, బావిలో చేదలాగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకి పోతుంది, కిందికొస్తుంది. ఏ ముడి ఊడినా మళ్ళీ మొదటి నుంచి ఇసుక సంచీ ఎత్తుకోనక్కర్లేదు.

రెండు తీగల కలయికని గిలక తాడుకి కట్టి పైకి లేపాం. రెండు చివరలకీ ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తగిలించి, వాటికి నైలాను తాడు కట్టి, ఒకటి డాబా పిట్టగోడ మీది వెదురు గుంజకీ, ఇంకోటి వెనక పెరడు మూల గుంజకీ లాగాం. దూరం నుంచి చూస్తే తిరగేసిన ఆంగ్ల అక్షరం 'వీ'లా ఉంటుంది. చివరలు మనిషి చేతికి ఏ మాత్రం అందకూడదు. మాట్లాడేటప్పుడు ఆ చివరల్లో వోల్టేజి ఎక్కువ, ముట్టుకుంటే కాలుతుంది. అందుకే మొదటే చెప్పాను, ఇది బట్టల దండెం కాదని. మా పనమ్మాయికి మూడుసార్లు చెప్పాను, అయినా మర్నాడు లుంగీ ఒకటి చేత్తో పట్టుకుని దాని వంకే చూస్తూ నిలబడింది.

గాలికి చెట్టు ఊగుతుంది, మన గుంజ ఊగదు. తీగ బిగుతుగా కట్టేస్తే మొదటి గాలివానకే తెగుతుంది. దానికి మందు, గిలక తాడు కింది కొసని చెట్టుకి బిగించి కట్టకుండా, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో ఇసుక పోసి దానికి వేలాడదియ్యడం. చెట్టు ఊగినప్పుడల్లా సీసా పైకీ కిందికీ పోతుంది, తీగ క్షేమంగా ఉంటుంది. సీసా ఊడినా తీగ కింద పడకుండా మరో వదులు తాడు కట్టి ఉంచండి. సీసా కింద పిల్లలు ఆడకుండా చూడండి.

చెట్టుకీ ప్రాణముంది. మేకులు కొట్టకండి. మొదలు చుట్టూ తాడు బిగించకండి, చెట్టు లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగిపోతుంది. కాకి గూడు ఉన్న కొమ్మ జోలికి పోకండి, పిల్లలు ఎగిరిపోయాక చూసుకోవచ్చు. విసరగా మిగిలిన నైలాను దారం ముక్కలు ఒక్కటీ కొమ్మల్లో వదలకండి. పండగ గాలిపటాల దారంలాగే అవి పిట్టల రెక్కలకీ, కాళ్ళకీ ఉరి.

ఇంకో నాలుగు మాటలు, కత్తిరించి దాచుకుంటారని విడిగా రాస్తున్నాను.

1. మబ్బు పట్టగానే, ఉరుము వినపడక ముందే కేబులు రేడియో నుంచి పీకి కిటికీ బయట పారెయ్యాలి. ఉరుములు మొదలయ్యాక దాని దగ్గరికి పోవద్దు.

2. కేబులు కిటికీలోకి వచ్చేముందు కిందికి ఓ వంపు తిరగనివ్వండి. వాన నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి, ఇంట్లోకి రావు.

3. చవక ప్లాస్టిక్ తాడు మన ఎండలకి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. కాస్త ఖరీదైనా ఎండకి ఓర్చే పాలిస్టర్ తాడు కొనండి.

4. ఏడాదికోసారి, తుపాన్లు వచ్చే అక్టోబరు ముందే, అంతా కిందికి దింపి ముడులు చూసుకోండి.

ఆ రాత్రి ఎనిమిదింటికి మా అమ్మాయి మొదటిసారి పిలిచింది. పాతకాలపు 100 వాట్ల బల్బుకి సరిపడేంత శక్తి కూడా లేదు ఆ పెట్టెలో. రెండు నిమిషాలు వట్టి గరగర. తరవాత హైదరాబాదు నుంచి ఎవరో పెద్దాయన గొంతు, "చాలా స్పష్టంగా వినిపిస్తున్నావమ్మా, యాంటెన్నా ఏమిటి?" అని. "వేపచెట్టండీ!" అంది మా పిల్ల. అత్తయ్యగారు పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఇప్పుడు చెబుతాను నాకు కోనసీమ చాలని ఎందుకన్నానో. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు చాపచుట్టినట్టు పడిపోయాయి. అప్పుడు నేను హైదరాబాదులో కొత్త కాపురం. మా అమ్మానాన్న అమలాపురం దగ్గర పల్లెలో. ఫోను పలకదు, దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. పేపర్లో ఊళ్ళ పేర్లు చదువుకుంటూ అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. అయిదో రోజున ఎవరో లారీ డ్రైవరు చేతికిచ్చి పంపిన చీటీ ఒకటి చేరింది. మా నాన్న దస్తూరీ. "అందరం బాగున్నాం. తోట పోయింది. నువ్వు బెంగపెట్టుకోకు." ఆ మూడు ముక్కల కోసం అయిదు రోజులు!

సెల్‌ఫోన్లొచ్చాక ఆ బాధ తీరిందనుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊపేసినప్పుడు కరెంటూ పోయింది, టవర్లూ పోయాయి. చేతిలో ఖరీదైన ఫోను ఉండి కూడా పక్క పేటలో ఉన్న కూతురు ఎలా ఉందో తెలియని తల్లులున్నారు. ఒడిశా సూపర్ తుపాను 1999లో వచ్చినప్పుడు, 2001లో గుజరాత్ భూకంపమప్పుడు హామ్‌లు వెళ్ళి బ్యాటరీ మీద నడిచే రేడియోలతో కబుర్లు అందించారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు అండమాన్‌లో రేడియో పెట్టి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీ పొద్దున్నే భూకంపం, వెనకే సునామీ. మిగతా దారులు తెగిపోయిన ఆ రోజుల్లో ఆవిడా, ఆవిడ బృందమూ ఆ రేడియో మీదే అయినవాళ్ళ క్షేమ సమాచారాలు అటూ ఇటూ చేరవేశారు. సరదాకి వెళ్ళిన మనిషి ఎంతమంది తల్లుల గుండెల్లో దడ తగ్గించిందో చూడండి.

హామ్ రేడియో మామూలు రోజుల్లో ఫోనుకి బదులు కాదు. వ్యాపారాలకి దానికి అనుమతి లేదు. కానీ అన్నీ మూగబోయిన రోజున ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక చెట్టు ఉంటే ఒక గొంతు బయటికి పోతుంది. చెట్టే పడిపోయే గాలొస్తే? మా మావయ్యగారు అదీ అడిగారు. తీగా, గిలకా, పురికొసా, ఇసుక సంచీ ఇంకో జత మూట కట్టి అటక మీద పెట్టాం. గాలి తగ్గాక ఏ కొమ్మ నిలబడి ఉంటే ఆ కొమ్మకి, అదీ లేకపోతే పిట్టగోడ మీది గుంజకి. ఆ పూటకి అంతే చాలు.

మీ ఇంట్లో పిల్లలెవరన్నా ఇలాంటి పిచ్చితో తీగలూ తాళ్ళూ పట్టుకు తిరుగుతుంటే వెంటనే కసురుకోకండి. ముందు బయటికెళ్ళి తలెత్తి కరెంటు తీగలు ఎటు పోతున్నాయో చూడండి. తరవాత పాత జీన్సు ప్యాంటు ఒకటి వెతకండి. పక్కింటివాళ్ళ వడియాలు మాత్రం ముందే తీయించండి. పిన్నిగారికి నేను మర్నాడు అరకిలో సగ్గుబియ్యంతో వడియాలు పెట్టి ఇవ్వాల్సొచ్చింది.